ఋతువులు తప్పినవి, మనము తప్పలేదా?



మన పెద్దలు క్రీస్తును నమ్ముకొన్నప్పుడు పంచాంగమునకు మ్రొక్కుట మానిరి గాని కార్తెలను లెక్కించుట మానలేదు. అది విగ్రహారాధన కాదు, సేద్యగాని జ్ఞాపకము. రోహిణిలో రోళ్లు పగులుననియు, మృగశిరలో తొలకరి పడుననియు, ఆరుద్ర దాటక మునుపు విత్తనము నేలలో పడవలెననియు మన తాతలు ఎరిగియుండిరి. ఆ లెక్కమీదనే వారు దుక్కి దున్నిరి, పెండ్లిండ్లు పెట్టుకొనిరి, కోత పండుగకు దినము నిర్ణయించుకొనిరి. నేడు ఆ లెక్క తప్పినది.

2025వ సంవత్సరములో ఋతుపవనములు మే 24వ తేదీననే కేరళను తాకి, రెండు దినములలో మన తెలంగాణలో ప్రవేశించినవి. రోళ్లు పగులవలసిన రోహిణిలో వాన కురిసెను. అది చూచి తొందరపడి పత్తి గింజ పెట్టినవారు తరువాత వాన మొగము చూడక మరల గింజలు కొనవలసివచ్చెను. ఆ యేడే అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను తీరము దాటి, మరునాడు ఖమ్మము, వరంగల్లు జిల్లాలలో చేతికి వచ్చిన పత్తిని, వరిని నీట ముంచెను. 2023 మార్చిలో, ఆకాశము నిర్మలముగా ఉండవలసిన దినములలో, వడగండ్లును గాలివానయు వచ్చి బోనకల్లు ప్రాంతపు మొక్కజొన్న చేలను చాప చుట్టినట్లు పడవేసెను. 2024 జూలై 18న అశ్వారావుపేట మండలములోని పెద్దవాగు కట్ట తెగెను. అదే సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన మున్నేరు పొంగి ఖమ్మము పట్టణపు ఇండ్లలోనికి వచ్చెను.

భద్రాచలము వద్ద మన గోదావరి సంగతి మీకు చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు 16న నీటిమట్టము 75.6 అడుగులకు లేచినప్పుడు నేను పిల్లవాడను. అంతటి వరద మన జీవితకాలములో మరల రాదని పెద్దలు అనుకొనిరి. అయితే 2022 జూలై 16న అది 71.3 అడుగులకు వచ్చెను. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే యిత్తురని మీరెరుగుదురు. ఆగస్టులో రావలసిన వరద జూలైలో, ఇంకను నాట్లు ముగియకముందే వచ్చెను.

ఇవన్నియు మీ పొలములలో, మీ వాకిండ్లలో జరిగినవి. మీకు తెలిసిన సంగతులను మీకే చెప్పుటకు నేను ఈ కాగితము ఖర్చు చేయుటలేదు. ఈ విపత్తులను గూర్చి మన ప్రసంగ పీఠములనుండి వినబడుచున్న కొన్ని మాటలను గూర్చి వ్రాయదలచితిని. అవి భక్తివలె కనబడును గాని భక్తి కావు. అవి మన సంఘములను సోమరులనుగా చేయుచున్నవి. కొన్నిసార్లు క్రూరులనుగా కూడ చేయుచున్నవి. నేనును వాటిని పలికినవాడనే గనుక ఇతరులను నిందించుటకు ముందు నా తప్పు ఒప్పుకొందును.

2022 జూలైలో వరద తీసిన కొలది దినములకు, ఒక పాఠశాలలో తలదాచుకొన్న మన ప్రజల మధ్య నేను ప్రార్థన కూటము జరిపితిని. నోవహు జలప్రళయమును గూర్చి మాటలాడితిని. సారా కాయువారివలనను, రహస్యముగా బలులిచ్చువారివలనను దేవుని ఉగ్రత మన యూళ్లమీదికి వచ్చెనని గట్టిగా చెప్పితిని. అందరును తలలు వంచుకొని వినిరి. కూటము ముగిసిన తరువాత ఒక ముసలి విధవరాలు నాయొద్దకు వచ్చెను. ఆమె గుడిసెయు, రెండు మేకలును, విత్తనపు కుండయు ఏటిలో పోయినవి. ఆమె మెల్లగా అడిగెను: "అయ్యగారూ, మా గుడిసె ఏటి ఒడ్డున ఉండె. సారా కాసేటోళ్ల ఇల్లు గుట్ట మీద ఉండె. ఎవరి పాపం ఎక్కడుందో గోదారికి తెల్వదా?"

నాకు జవాబు తోచలేదు. "ప్రార్థన చేద్దామవ్వా" అంటిని. ఆమె చేసెను. నేను మాత్రము చేయలేకపోతిని. ఆమె ప్రశ్నకు జవాబు వెదకుచు వచ్చిన వాడనై ఈ నాలుగు మాటలను మీ ముందుంచుచున్నాను.

మొదటి మాట: "ఇది ఫలానివారి పాపఫలము."

ఈ మాటను మన ప్రభువే కొట్టివేసెను. లూకా సువార్త 13వ అధ్యాయము తీసి చదువుడి. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిరి. చచ్చినవారు మిగిలినవారికంటె ఘోరపాపులని జనులు తలంచుచుండగా ప్రభువు కాదనెను. అయితే ఆయన అంతటితో ఊరకుండలేదు. బ్రదికియున్న మీరు మారుమనస్సు పొందవలెనని వారివైపు తిరిగి చెప్పెను. విపత్తు చూచి చచ్చినవాని పాపమును లెక్కించుట మన వాడుక. బ్రదికినవాని నడతను ప్రశ్నించుట ప్రభువు పద్ధతి. ఏటి ఒడ్డు గుడిసెలో నివసించునది పాపము చేసి కాదు, గుట్టమీద స్థలము కొనలేక. వరద మొదట పేదవానినే ముంచును. ఆ పేదవానినే పాపి యని పిలుచుట యోబు స్నేహితులు చేసిన పని, ఆ స్నేహితులను దేవుడు గద్దించెను.

మరి యీ విపత్తులకు హేతువేమి? మనకు తెలిసినంత దాచక చెప్పుకొందము. గాలిలో బొగ్గుపులుసు వాయువు అనునది కొద్ది పాలు కలదు. అది గొంగళివలె భూమిని కప్పి వేడిని బయటికి పోనీయక పట్టియుంచును. యంత్రములు రాకమునుపు గాలి పది లక్షల పాళ్లలో అది 280 పాళ్లుండెను. బొగ్గును, నూనెను తవ్వి కాల్చుటవలనను, అడవులను నరుకుటవలనను నేడది 420 పాళ్లు దాటినది. 2024వ సంవత్సరపు భూమి వేడిమి ఆ పాత కాలపు వేడిమికంటె సుమారు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువయ్యెను. ఒక్క డిగ్రీ పెరిగినను గాలి నూటికి సుమారు 7 పాళ్లు అధికముగా నీటి ఆవిరిని మోయగలదు. ఆ ఆవిరి అంతయు ఒక్కసారి దిగినప్పుడు కుండపోత యగును. దిగని దినములలో నేల మునుపటికంటె త్వరగా ఎండును. వాన పడు దినములు తగ్గి, పడిన దినమున మాత్రము చెరువు కట్టలు తెగుట ఇందువలననే. మన గోదావరికి నీరిచ్చు మధ్యభారత దేశములో, విశాల ప్రదేశములమీద ఒక్కసారి కురియు అతివృష్టి 1950కిని 2015కిని మధ్య మూడింతలైనట్లు శాస్త్రజ్ఞులు లెక్కించిరి. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రములలో వడదెబ్బకు చనిపోయినవారు వెయ్యికి మించియున్నారు. వీరెవ్వరును గోపురము కింద చచ్చినవారికంటె పాపులు కారు.

రెండవ మాట: "ఇవి రాకడ గుర్తులు. మనము చేయగలిగినది ఏమియు లేదు."

ప్రభువు వచ్చుచున్నాడని నేను నమ్ముచున్నాను. ప్రతి ఆదివారము విశ్వాస ప్రమాణములో ఒప్పుకొనుచున్నాను. అయితే కరవులను, భూకంపములను గూర్చి చెప్పిన అదే మత్తయి 24వ అధ్యాయము చివర ప్రభువు ఏమి చెప్పెనో మన ప్రసంగీకులు చదువకయే పుస్తకము మూసివేయుదురు. యజమానుడు ఆలస్యము చేయుచున్నాడని తోటి దాసులను కొట్టి, త్రాగి తిరుగు దాసుని గూర్చియు, వేళకు ఇంటివారికి అన్నము పెట్టుచుండగా యజమానుని కంటబడు దాసుని గూర్చియు అక్కడ చెప్పబడెను. వీరిలో ధన్యుడెవడు? ఆకాశము వంక చూచుచు కూర్చున్నవాడు కాదు, అన్నము పెట్టుచున్నవాడు.

భూమి యెట్లును కాలిపోవును గదా, దీనిని కాపాడి యేమి లాభమని అడుగువారు కలరు. కౌలు సేద్యము చేయు మన సహోదరులారా, మీకు అర్థమగు మాట చెప్పెదను. ఆసామి ఉగాదికి వచ్చి చేను అప్పగించుకొనునని మీకు తెలిసినప్పుడు మీరు గట్లు త్రవ్వివేయుదురా? బావిలో రాళ్లు పోయుదురా? గట్టుమీది వేపచెట్టు నరికి అమ్ముకొందురా? అట్లు చేసిన కౌలుదారునికి ఆసామి మరల చేను ఇచ్చునా? భూమియు దాని సంపూర్ణతయు ప్రభువునివేయని మనము పాడుచున్నాము. పట్టా మన పేర నుండవచ్చును గాని దేవుని యెదుట మనమందరము కౌలుదారులమే. రాకడ సమీపమైనకొలది లెక్క అప్పగించు దినమును సమీపించును.

మూడవ మాట: "భూమి యున్నంతవరకు విత్తుకాలము కోతకాలము మానవని దేవుడు నోవహునకు మాట యిచ్చెను. కనుక భయము లేదు."

ఈ వాగ్దానము సత్యము. దానిని నమ్మియే నేనును ప్రతి యేటి విత్తనములను ప్రార్థనతో ఆశీర్వదించుచున్నాను. అయితే వాగ్దానమును ఆడ్డము పెట్టుకొని అపాయములోనికి దుముకుట విశ్వాసము కాదు. సాతాను ప్రభువును దేవాలయ శిఖరమున నిలిపి, దూతలు ఎత్తిపట్టుకొందురని లేఖనమే చూపి దుముకుమనెను. ప్రభువు దుముకలేదు. అది దేవుని శోధించుట యని చెప్పెను. ఋతువులు మానవని దేవుడు మాట యిచ్చెను గాని, మన మూర్ఖత్వమునకు ఫలము కలుగదని ఆయన ఎక్కడను మాట యీయలేదు. ఫరో కలకు అర్థము తెలిసికొన్న యోసేపు ఏమి చేసెను? కరవు వచ్చునని తెలిసి ఊరక నిట్టూర్చలేదు. సమృద్ధియైన యేడు సంవత్సరములు పంటలో అయిదవ పాలు తీసి పట్టణములలో కొట్లు నింపించెను. దేవుడు ముందుగా తెలియజేయుట మనము ముందుగా సిద్ధపడుటకే. నేడు వాతావరణ శాఖవారి హెచ్చరికలు, శాస్త్రజ్ఞుల లెక్కలు మనకు ఫరో కలవంటివి. వాటిని విని యోసేపువలె చేయుదమా, వినియు నిదురపోదుమా?

నాలుగవ మాట: "మేము పేదలము. బొగ్గు కాల్చినది పెద్దలు, శిక్ష మాకా?"

ఈ మాట మిగిలిన మూటికంటె నిజమైనది. దీనిని తేలికగా త్రోసివేయజాలను. మన యిల్లెందులో 1871లో కింగ్ దొరగారు బొగ్గును కనుగొనిరి. నాటినుండి నేటివరకు ఆ బొగ్గు రైళ్లను నడిపెను, పాల్వంచ మణుగూరు విద్యుత్కేంద్రములలో కాలి పట్టణములకు వెలుగునిచ్చెను. దానివలన మన సంఘస్థులకు కూలియు జీతమును దొరికెను. మన గుడి దీపములును దానివే. అయినను నిజము చెప్పవలెను. అడవి అంచున నున్న మన గుడిసెలలో విద్యుద్దీపము వెలిగి ఎన్ని సంవత్సరములైనది? లోకమంతటిలో లెక్క చూచినయెడల ఒక్క అమెరికా దేశస్థుని వంతున గాలిలో కలియు బొగ్గుపులుసు వాయువు మన దేశస్థుని వంతుకు సుమారు ఏడింతలు. మన దేశములోనే పట్టణపు ధనవంతుని వంతునకును చర్లలోని కోయ రైతు వంతునకును పోలికయే లేదు. ఈ అన్యాయమును అన్యాయమని చెప్పుట సంఘము పని. ఆమోసు ప్రవక్త నేడుండిన చెప్పకుండునా? కౌలు రైతునకు పంట నష్టపు పరిహారము చేరవలెననియు, ముంపు గ్రామములవారికి ఎత్తైన చోట ఇండ్లు దొరకవలెననియు, గనులు త్రవ్విన చోట మరల చెట్లు లేపవలెననియు మన సంఘములు కాగితము మీద వ్రాసి, వ్రేలిముద్రలతోను సంతకములతోను అధికారుల యెదుటికి పోవలెను. ప్రార్థన చేసి పోవలెను, ప్రార్థన చేసి ఇంట కూర్చుండరాదు.

అయితే సహోదరులారా, గాయపరచినవాడు మరియొకడైనంత మాత్రమున మన బాధ్యత తీరునా? యెరికో దారిలో పడియున్నవానిని కొట్టినది సమరయుడు కాదు. యాజకుడును లేవీయుడును కొట్టలేదు. "మేము కొట్టలేదు" అని వారిద్దరును నిజమే చెప్పగలిగియుందురు. ఆ నిజముతోనే వారు ప్రక్కగా పోయిరి. సమరయుడు, తాను చేయని గాయమునకు తన నూనె పోసెను, తన గాడిద నిచ్చెను, తన రూకలు చెల్లించెను. భూమి నేడు ఆ దారిలో పడియున్నది. కొట్టినవారిని న్యాయస్థానమునకు పిలువుడి. అంతవరకు గాయము కట్టకుండ విడువకుడి.

ఇక మన చేతులవైపు చూచుకొందము. మనము చేయని తప్పులు చాలగలవు గాని, చేసిన తప్పులును కలవు.

ఇప్పపువ్వు రాలు కాలము వచ్చినప్పుడు చెట్టు కింద రాలుటాకులకు నిప్పు పెట్టుచున్నాము. నేల శుభ్రమై పువ్వు తేటగా కనబడునని చేయుదుము. తునికాకు కొత్త చిగురు వేయునని ఆ పొదలకును నిప్పంటింతుము. ఆ నిప్పు చెట్టు కిందనే యుండునా? రాత్రి గాలికి గుట్టలెక్కును. ఇప్ప మొలకలు, వెదురు మోసులు, పక్షి గూళ్లు కాలిపోవును. ఏ ఊరి ఇప్పచెట్ల కిందనైనను పోయి చూడుడి: ముసలి చెట్లే గాని పిల్ల చెట్టు ఒక్కటియు కనబడదు. మన మనుమలకు ఇప్పపువ్వు ఎక్కడినుండి వచ్చును? చీపురుతో ఊడ్చినను, పాత చీర పరచినను పువ్వు దొరకును. అరగంట శ్రమకు వెరచి అడవిని కాల్చుచున్నాము. గూటిలో పిల్లలమీద కూర్చున్న తల్లిపిట్టను పట్టుకొనరాదని ధర్మశాస్త్రమున ఆజ్ఞాపించిన దేవుడు, గూడునే కాల్చువానిని ఏమనును? తపసి చెట్టునకు జిగురుకొరకు లోతైన గాట్లు పెట్టి చంపుటయు, మొర్రి పండ్లను పక్వము కాకమునుపే పొరుగువాడు కోయునను భయముతో దులుపుటయు ఇటువంటివే.

మిరప తోటల సంగతి చూడుడి. 2021లోను 2022లోను ఆగ్నేయాసియానుండి వచ్చిన నల్ల తామర పురుగు మన జిల్లా మిరపను తినివేసెను. పూతలోనే పంట పోయెను. అప్పులపాలై ప్రాణము తీసికొన్న రైతులును కలరు. వారిని తలంచి నేటికిని నా మనస్సు కలగుచున్నది. ఆ పురుగు రాక రైతు తప్పు కాదు. కాని దుకాణదారుడు చెప్పినదల్లా కొని, మూడు మందులు ఒక్కటిగా కలిపి, దినము విడిచి దినము కొట్టినప్పుడు చచ్చినది ఆ పురుగు కాదు. దానిని తిని బ్రతుకు మేలైన పురుగులు చచ్చినవి. తామర పురుగు మరింత బలిసెను. నీలి రంగు జిగురు అట్టలు, వేప గింజల కషాయము, గట్టున జొన్న సాళ్లు: ఇవి కొంత మేలు చేయునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పిరి. వాటికి ఖర్చు తక్కువ గనుక మనము నమ్మలేదు.

యాసంగి వరి కోసిన తరువాత కొయ్యకాళ్లకు నిప్పు పెట్టుచున్నాము. మొక్కజొన్న దంట్లకును, పత్తి కట్టెకును అదే గతి. నేలలోని సారమును పొగగా పంపి, ఆ సారమునే మరల బస్తాలలో అప్పుపెట్టి కొనుచున్నాము. ఏడవ యేట నేలకు విశ్రాంతి నీయవలెనని లేవీయకాండము 25వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించెను. ఇశ్రాయేలీయులు ఈయలేదు. వారు చెరలోనికి పోయిన తరువాత ఆ నేల తన విశ్రాంతి దినములను తీసికొనెనని దినవృత్తాంతముల గ్రంథము చెప్పుచున్నది. మనము ఇయ్యని విశ్రాంతిని నేల తానే తీసికొను దినము రాకమునుపు మేలుకొందము.

ఇంకొక మాట చెప్పుటకు కొందరు కోపగింతురేమో. మన కోయ సోదరులకు భూమి పండుగ యున్నది. అది జరుగక ముందు విత్తనము చల్లరు. కొత్తల పండుగ యున్నది. అది కాక ముందు కొత్త పంటను నోట పెట్టరు. 19వ శతాబ్దములో దుమ్ముగూడెమున చర్చి మిషనరీ సొసైటీ పక్షమున పనిచేసిన జాన్ కెయిన్ దొరగారు ఈ జనుల ఆచారములను శ్రద్ధగా చూచి వ్రాసిపెట్టిరి. మన పితరులు సువార్తను అంగీకరించినప్పుడు ఆ పండుగలలోని కోడిపుంజు బలులను విడిచిరి. అది మంచిదే. అయితే బలులతోకూడ ఓర్పును కూడ విడిచితిమి. పండు పండువరకు వేచియుండుట, అడవికి తన వంతు వదలుట, ఊరంతయు ఒక్క దినమున కలిసి విత్తుట, ఇవి విగ్రహములు కావు. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లు చేసితిమి. ప్రథమ ఫలము దేవుని సన్నిధికి తేకముందు కొత్త ధాన్యము తినకూడదని మోషే ధర్మశాస్త్రమే చెప్పుచున్నది గదా! కోయ పెద్ద ఎరిగిన ఓర్పు క్రైస్తవ రైతునకు లేకపోవుట మనకు సిగ్గు.

మన పండుగలను చూచుకొందము. క్రిస్మసుకును, కోత పండుగకును అన్నము దేనిలో వడ్డించుచున్నాము? మన సంఘపు స్త్రీలే అడవినుండి అడ్డాకు తెచ్చి, ఈనె పుల్లలతో కుట్టి, సంతలో అమ్మి పిల్లలను పోషించుకొనుచున్నారు. వారు కుట్టిన విస్తరి వంద రూపాయలు ఎక్కువని మానివేసి, పట్టణమునుండి ప్లాస్టిక్ పళ్లెములు తెప్పించుచున్నాము. 2022 జూలై 1 నుండి వాటిని ప్రభుత్వమే నిషేధించినది. మరునాడు అవి గుడి వెనుక వాగులో చేరును, లేక గుడి ఆవరణలోనే పొగగా లేచును. గుడి ముందు బోధకుల నిలువెత్తు బొమ్మలతో ఫ్లెక్సీలు కట్టుచున్నాము. నా బొమ్మయు కట్టిరి, నేను వద్దనలేదు. ఆ పట్టా తరువాత ఒక ఆవు కడుపులోనికి పోయినదో, ఏ వాగులో అడ్డుపడినదో దేవునికి తెలియును. అయిదువేలమందికి ఆహారము పెట్టిన ప్రభువు, సర్వశక్తిగలవాడై యుండియు, మిగిలిన ముక్కలు పారవేయక ఏరి గంపలలో ఉంచుడని చెప్పెను. రొట్టెలను పెంచగలిగినవాడు ముక్కలను ఏరించెను. ఒక్క గింజను కూడ పుట్టింపలేని మనము పారవేయుచున్నాము.

మరి ఏమి చేయవలెను? దోర్నకల్ మండలమున అజరయ్య బిషప్పుగారు 1912 మొదలు 1945 వరకు సేవచేసిన కాలమున కోత పండుగను మన గ్రామ సంఘములలో వేళ్లూనజేసిరి. ధాన్యపు మూట, కోడిపిల్ల, గుమ్మడికాయ, ఎవరికి కలిగినది వారు తెచ్చి బల్ల ముందు పెట్టుదురు. ఈ పండుగను మనము వదలలేదు. దీనికి కొంచెము చేర్చుకొనుడని నా మనవి.

ఈ యేటి కోత పండుగకు ప్రతి కుటుంబము తాను దాచిన నాటు విత్తనము, జొన్నగాని, సామగాని, కొర్రగాని, కందిగాని, పెసరగాని, ఒక్క సేరైనను తెచ్చి గుడిలో ఒక గాదెలో ఉంచవలెను. తొలకరి మోసము చేసి విత్తనము మాడినవానికి రెండవసారి విత్తుటకు ఆ గాదె తెరువవలెను. కోతనాడు అతడు తీసినదానికి మించి తిరిగి పోయవలెను. అది అప్పు కాదు, యోసేపు కొట్టు. ఒక్క వాన చూచి తొందరపడక, నేల జానెడు లోతు తడిసినదని చేతితో త్రవ్వి చూచి విత్తుడి. పత్తి ఒక్కదానినే నమ్ముకొనక దానిలో కంది సాళ్లు వేయుడి, ఒకటి పోయినను మరియొకటి మిగులును. వేసవిలో చెరువు పూడిక మట్టిని చేలకు తోలుడి. చెరువునకు లోతు, చేనికి సారము కలుగును. కాకతీయుల కాలమునుండి మన చెరువులు నిలిచినది ఈ పనివలననే. ఇప్పపువ్వు కాలమునకు ముందు ఆదివారమున సంఘమంతయు నిలువబడి, మేము అడవికి నిప్పు పెట్టమని దేవుని యెదుట మాట యీయుడి. ఊరి పెద్దలను, క్రైస్తవులు కానివారిని కూడ పిలువుడి. నిప్పునకు మతభేదము లేదు.

వానకాలమునకు ముందు సంఘ పెద్దలు కూర్చుండి, ఏటి ఒడ్డున ఒంటిగా నుండు ముసలివారి పేర్లు, గర్భిణీల పేర్లు, నడువలేనివారి పేర్లు ఒక కాగితము మీద వ్రాయుడి. మొదటి హెచ్చరిక 43 అడుగులకు ఇచ్చినప్పుడు ఎవరు ఎవరిని మోసికొనివచ్చునో ముందుగా నిర్ణయించుడి. గుడి గుట్టమీద నున్నయెడల తాళము ఎవరియొద్ద నుండునో అందరికి తెలియజేయుడి. ఆ దినమున గుడిలోనికి వచ్చువాడు క్రైస్తవుడా కాదా యని అడుగకుడి.

ఇవి చేసినంత మాత్రమున తుపానులు ఆగునా యని మీరు అడుగుదురు. ఆగవు. ఒక్క సంఘము నిప్పు మానినంతనే లోకపు వేడి తగ్గదని నేనెరుగుదును. అయినను దేవుడు ఆదామును తోటలో పెట్టినప్పుడు దున్నుమని చెప్పినంత గట్టిగానే కాయుమని చెప్పెను. దున్నుట మనము నేర్చుకొంటిమి, ఎక్కువగానే నేర్చుకొంటిమి. కాయుటను మరచితిమి. ఫలితము దేవుని చేతిలోనిది, కాపలా మన చేతిలోనిది.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. 2023లో ప్రభువునందు నిద్రించెను. ఆమెను పాతిపెట్టిన దినమున ఆమె అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదని జ్ఞాపకమునకు వచ్చెను. అవ్వా, గోదారికి ఎవరి పాపము ఎక్కడున్నదో తెలియదు. దేవునికి తెలియును. నీ గుడిసె పోయినది నీ పాపమువలన కాదు. నీ గుడిసెను ఏటి ఒడ్డున విడిచిపెట్టి, గుట్టమీద గుడి కట్టుకొని, వరద వచ్చిన తరువాత నీకు ప్రసంగము చెప్పిన మా పాపము మాత్రము అందులో కొంత యున్నది.

ప్రియ చదువరీ, ఈ పత్రికను మడిచి పెట్టకమునుపు నాతోకూడ ప్రార్థించుము. ప్రభువా, నీ భూమిని మాకు కౌలుకిచ్చితివి. మేము గట్లు తెంచితిమి, నిప్పు పెట్టితిమి, ఓర్పు విడిచితిమి. పొరుగువాని పాపమును లెక్కించు మా నాలుకను ఆపుము. ఈ వానకాలమున మా చేతులకు పని చూపుము. ఒడ్డుననున్నవారిని మాకు జ్ఞాపకము చేయుము. ఆమేన్.